పోలిక బడి

నాగసతీష్ మొదటిసారి వచ్చినప్పుడు రెబెకా టీచర్ నాలుగో తరగతికి భాగహారాలు చెబుతోంది. 2006 జులై. వాన పడి వరండా అంతా బురదగా ఉంది. ఆ కుర్రాడు చెప్పులు బయటే విడిచి, పాలిథిన్ కవరులో చుట్టిన కాగితాల కట్ట గుండెకి ఆనించుకుని లోపలికి వచ్చాడు. అమలాపురం పిల్లాడేనట. విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్నాడట. బళ్ళలో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం మాన్పించడానికి వాళ్ళ మేష్టార్లు ఒక కార్యక్రమం తయారు చేశారట. కథలు, ఆటలు, టీచర్లకి శిక్షణ, అన్నీ ఉంటాయట. అది పనిచేస్తుందో లేదో రాజోలు చుట్టుపక్కల పన్నెండు ప్రాథమిక పాఠశాలల్లో చూస్తారట.

"ముందు పిల్లల చేత ఈ ప్రశ్నలకి జవాబులు రాయించాలండి మేడంగారూ. పేర్లు అక్కర్లేదు, నెంబర్లే. మీరు కూడా చూడకూడదండి. కవరులో పెట్టి అంటించేస్తాం" అన్నాడు.

రెబెకాకి ఆ మాట నచ్చింది. చిన్నప్పుడు హాస్టల్లో తనని మూడేళ్ళు ఏడిపించినవాళ్ళ పేర్లు ఆవిడకి ఇప్పటికీ వరసగా గుర్తే. అప్పుడు ఇలా అడిగిన మనిషి ఒక్కరూ లేరు. హెడ్మాస్టరు రాఘవులుగారు అప్పటికే సంతకం పెట్టేశారని తెలిసి ఇంకా సంతోషించింది.

పిల్లలకి ఒక్కొక్కరికీ నాలుగు పేజీలు. గత నెలలో నిన్ను ఎవరైనా కొట్టారా? పేరు పెట్టి వెక్కిరించారా? ఆటలో చేర్చుకోకుండా తరిమేశారా? ఒక్కోదాని పక్కనా మూడు గళ్ళు: ఎప్పుడూ లేదు, ఒకటి రెండుసార్లు, చాలాసార్లు. చివరి పేజీలో, ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయమని నాలుగు గీతలు.

కిటికీ పక్కన కూర్చున్న వీరవేణి పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ పిల్లకి నత్తి. అందుకని తరగతి మొత్తం నత్తగుల్ల అంటారు. ఆ సంగతి రెబెకాకి తెలుసు. అరిచింది, రెండుసార్లు గోడకుర్చీ కూడా వేయించింది. తన ముందు మానేశారు. తన వెనకాల మానలేదని అనుమానం ఉంది గాని, వీరవేణి ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు.

"ఏమ్మా, రాయవా?" అంది రెబెకా వంగి.

"ఇ... ఇది ఎ... ఎవరు చదువుతారండి?"

"విశాఖపట్నంలో పెద్ద మేష్టార్లు చదువుతారమ్మా. చదివి ఊరుకోరు, నీకోసం ఏదో ఒకటి చేస్తారు. నిజం రాయి. నేను చెబుతున్నాను కదా."

ఆ పిల్ల టీచరు మొహంలోకి ఒకసారి చూసి, తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. అందరూ ఇచ్చేసినా రాస్తూనే ఉంది. నాలుగు గీతలూ నిండిపోతే కాగితం అంచున నిలువుగా రాసింది. రెబెకా చదవలేదు. ఇచ్చిన మాట ప్రకారం కవరులో పెట్టి, ఆ పిల్ల చూస్తుండగా అంటించింది.

వెళ్ళేముందు నాగసతీష్ ఒక మాట చెప్పాడు. "మా కార్యక్రమం మొదలయ్యేదాకా మీరు కొత్తగా ఏమీ చెయ్యకండి మేడంగారూ. ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. లేకపోతే మార్పు దేనివల్ల వచ్చిందో తెలీదండి."

"అలాగేనండి" అంది రెబెకా. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, తనకంటే బాగా తెలిసినవాళ్ళు.

ఆగస్టు గడిచింది. ఎవరూ రాలేదు. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక వీరవేణి బల్ల దగ్గరికొచ్చి నిలబడేది. "వ... వచ్చేరాండీ?" అనేది. "వస్తారమ్మా" అనేది రెబెకా. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల అడగడం మానేసింది.

నవంబరులో ఒకరోజు వీరవేణి పుస్తకాల సంచి కాలవలో తేలింది. ఎవరు పడేశారని అడిగితే తరగతిలో ఒక్క నోరూ లేవలేదు. క్లాసు లీడరు లక్ష్మీదుర్గ లేచి, "తనే జారవిడుచుకుందండి టీచర్‌గారూ" అంది చక్కగా. చదువులో ముందుండే పిల్ల, బోర్డు తుడిచేది, హాజరుపట్టీ తెచ్చి ఇచ్చేది. రెబెకా కావలసినంత గట్టిగా అడగలేదు. కార్యక్రమం వచ్చాక ఇదంతా పద్ధతిగా తేలుతుందిలే అనుకుంది. మర్నాటి నుంచి వీరవేణి పదిరోజులు బడికి రాలేదు.

డిసెంబరులో రాజోలులో టీచర్ల సమావేశం జరిగింది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న మేరీ, కాలవ అవతలి ఊరి బడిలో పనిచేసే టీచరు, ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. "మా పిల్లలకి గోడల నిండా బొమ్మలండీ. వారం వారం కథ. ఎవరైనా ఏడిపిస్తుంటే చూసినవాళ్ళు ఏం చెయ్యాలో నాటకం ఆడించేరు. మాకు మూడ్రోజులు శిక్షణ ఇచ్చేరు. మీక్కూడా అంతేనా?"

"మాకింకా ఎవరూ రాలేదండీ" అంది రెబెకా. సాయంత్రం బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, నాగసతీష్ "ఫిబ్రవరిలో వస్తానండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

ఫిబ్రవరిలో వచ్చాడు. చేతిలో అవే ప్రశ్నపత్రాలు.

"మా బడికి కార్యక్రమం ఏదండీ?" అంది రెబెకా హెడ్మాస్టరు గదిలో, కూర్చోకుండానే.

అతను కాగితాలు బల్ల మీద పెట్టాడు. "మీది పోలిక బడి అండి. ఆరు బళ్ళలో కార్యక్రమం పెట్టేం, ఆరింట్లో పెట్టలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుందండి. ముందే చెబితే మీరు వేరేగా ఉంటారని టీచర్లకి చెప్పలేదు. పనిచేస్తుందని తేలితే వచ్చే ఏడాది మీకూ పెడతామండి."

"మా పిల్ల పేజీ నిండా రాసింది. అంచుల మీద కూడా రాసింది. అదెవరు చదివేరు?"

నాగసతీష్ మొహం ఎర్రబడింది. "టిక్కులు మాత్రమే కంప్యూటర్లోకి ఎక్కిస్తామండి. చివరి గీతలు... అవి ఇంకా చూడలేదండి. తర్వాత చూద్దామనుకున్నారు."

రెబెకా రాఘవులుగారి వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మీకు తెలుసాండీ?"

"సంతకం పెట్టినప్పుడే చెప్పేరమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నారు. పై నుంచి వచ్చిన కాగితం. నేనేం చెయ్యను?"

ఏడు నెలలు. దసరాదాకా ప్రతి సోమవారం ఆ పిల్లకి తాను "వస్తారమ్మా" అని చెబుతుంటే, గోడకి అవతల గదిలో కూర్చుని ఈయన విన్నాడు. అరవాలనిపించింది. కానీ తాను కూడా చేతులు కట్టుకు కూర్చుంది కదా, ఏమీ మార్చొద్దన్నారని.

ప్రశ్నపత్రాలు పంచారు. ఈసారి వీరవేణి అందరికంటే ముందు ముగించింది. కాగితాలు అందుకుంటూ రెబెకా మొదటిసారి నియమం తప్పి చూసింది. పై నుంచి కిందదాకా ఒకే గడిలో టిక్కులు. ఎప్పుడూ లేదు. ఎప్పుడూ లేదు. చివరి నాలుగు గీతలు ఖాళీ.

"వేణీ, ఇది నిజం కాదు కదమ్మా."

ఆ పిల్ల కోపంగా చూడలేదు. పెన్సిలు జేబులో పెట్టుకుంటూ మర్యాదగానే చెప్పింది. "ని... నిజం పోయినసారి రా... రాసేనండి."

ఆ మర్నాడు, మిగతా పిల్లలు భయపడకుండా చెప్పాలని, రెబెకా ముందు లక్ష్మీదుర్గని లీడరు పని నుంచి తీసేసింది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే బయటికి పిలిచి అడిగింది. సంచి కాలవలోకి విసిరిందెవరో, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు వీరవేణి కంచంలోంచి గుడ్డు ఎవరు తీసుకునేవారో గంటలో బయటపడింది. అన్నిట్లోనూ లక్ష్మీదుర్గే ముందుంది. ఏడు నెలల కిందట ఆ గంట తన చేతిలోనే ఉంది.

జూన్‌లో బడి తెరిచాక విశ్వవిద్యాలయం నుంచి నివేదిక వచ్చింది. రాఘవులుగారు సంబరంగా చదివి వినిపించారు. కార్యక్రమం పెట్టిన బళ్ళలో పిల్లల వేధింపులు తగ్గాయట. పెట్టని బళ్ళలో కూడా దాదాపు అంతే తగ్గాయట. కాబట్టి కార్యక్రమం వల్ల ప్రత్యేకమైన లాభం ఉన్నట్టు తేలలేదట. అందుచేత మిగతా బళ్ళలో పెట్టడం లేదట.

"చూసేవా అమ్మా, ఏమీ చెయ్యకుండానే మన బడి బాగుపడింది" అన్నారాయన.

"ఆ అంకెలో మా వేణి ఉందండి" అంది రెబెకా. "చెప్పుకుంటే ఎవరూ రారని తెలుసుకుని ఊరుకున్న పిల్ల, వాళ్ళకి బాధ తగ్గిన పిల్లయింది. ఇలాంటివాళ్ళు ఇంకెందరో."

ఆ నివేదిక తప్పని ఆవిడ విశ్వవిద్యాలయానికి రెండు పేజీల ఉత్తరం రాసింది. నెల తర్వాత జవాబు వచ్చింది. మీ సహకారానికి కృతజ్ఞతలు, విడి విద్యార్థుల విషయం పరిగణించడం వీలుకాదు అని టైపు చేసి, కింద ఎవరిదో సంతకం.

అదే వారం వీరవేణిని వెంటబెట్టుకుని తల్లి నూకాలమ్మ టీసీ కోసం వచ్చింది. కూతుర్ని ఐ.పోలవరంలో అమ్మమ్మ దగ్గర ఉంచి అక్కడి బడిలో వేస్తుందట. రెబెకా వరండాలో ఆవిడని ఆపి జరిగినదంతా దాచకుండా చెప్పింది. కాగితాల సంగతి, తాను ఇచ్చిన మాట, ఎవరూ చదవకపోవడం, తాను ఊరుకోవడం. "నన్ను కూడా మోసం చేసేరు నూకాలమ్మా. కానీ పిల్లకి మాటిచ్చింది నేనే. నన్ను క్షమించు" అంది.

నూకాలమ్మ చేతిలోని టీసీని జాగ్రత్తగా మడతపెట్టింది.

"మీరు చెడ్డోరైతే ఇంత బాధ లేదండి టీచరుగారూ. ఇంట్లో నాక్కూడా చెప్పలేదండి అది. మీరడిగేరని రాసింది."

ఆటో వచ్చింది. తల్లీకూతుళ్ళు ఎక్కారు. రెబెకా గేటు దాకా వెళ్ళి వీరవేణి భుజం మీద చెయ్యి వేయబోయింది. ఆ పిల్ల కొంచెం లోపలికి జరిగి కూర్చుంది.