ఇరవైమూడు పానాలు

ఉదయం తొమ్మిదయ్యేసరికి తుప్పుపట్టిన పనిముట్ల సంచులు పట్టుకుని నలుగురైనా అతని గుమ్మం ముందు కూర్చునేవారు. పాత పనిముట్ల వయసు చెప్పడం అతని పని. అందరూ తేదీల మాస్టారు అనేవారు. నికెల్ పూతైతే బాగా పాతది, క్రోమ్ మెరుపుంటే తర్వాతి కాలంది, ఏ పూతా లేకుండా నల్లగా ఉంటే ప్రపంచయుద్ధం రోజుల్లో నికెల్ కరువైనప్పటిది. ఇంత చెప్పే మనిషికి వంటింట్లో కారే కుళాయి బిగించడం రాదు. “నేను జాతకాలు చెప్పేవాణ్ణి, కాపురం చేసేవాణ్ణి కాదు,” అని ముందు తనే నవ్వేసేవాడు.

వాడుక సంగతి మాత్రం చెయ్యి చెప్పేది. పానా పట్టుకోగానే అతని చెయ్యి, దాన్ని ఎక్కువకాలం వాడినవాళ్ళ చెయ్యిగా మారిపోయేది, కాయలతో, మచ్చలతో సహా. కింద పెట్టిన పావుగంటకు తన చెయ్యి తనకొచ్చేది.

“ఆ చెయ్యి దిగాకే భోజనానికి రండి,” అనేది భార్య. “ఎవడి చెయ్యో కంచంలో పెడితే నాకు ముద్ద దిగదు.”

ఒకరోజు అన్న, తండ్రి పనిముట్ల పెట్టె తెచ్చాడు. తండ్రి పెద్దమేస్త్రి. ఆయన షెడ్డుకొచ్చి బాగుపడని ఇంజను లేదని ఊరంతా చెప్పుకునేది. పోయి ఏడాదైంది.

“ఒరేయ్, మెకానిక్కుల బడిలో వీటిని అద్దాలపెట్టెలో పెడుతున్నారు. ఏది ఏ కాలందో, నాన్న ఎలా వాడాడో రాసి సంతకం పెట్టు. నాన్న పేరుతో బోర్డు కూడా చెక్కించేశాను.”

మాస్టారు ఒక నల్లపానా కుడిచేత్తో తీశాడు. యుద్ధకాలం సరుకు. ఇరుకులో దూరడానికి ఒక దవడని ఎవరో ఆకురాయితో పల్చగా అరగదీశారు. పట్టుకున్న కుడిచెయ్యి తనదిగానే ఉంది. మారింది ఎడమది. సన్నటి మణికట్టు, చీలిన గోరు, బొటనవేలి కింద నెలవంకలా కాలిన మచ్చ. చిన్నప్పుడు జ్వరమొస్తే తన నుదుటిమీద వాలే చేతికుండే మచ్చ. పెనం కాలిందని చెప్పేది ఎడమచేతివాటం అమ్మ.

ఇరవైమూడు పానాలూ పట్టి చూశాడు. ఇరవైమూడుసార్లూ అమ్మ చెయ్యే.

షెడ్డు వెనకగదిలో అమ్మ రోజంతా ఎందుకుండేదో అప్పుడు తట్టింది. బండి అప్పగించడానికి బయటికెళ్ళేముందు నాన్న డబ్బాలోంచి గ్రీజు తీసి చేతులకు పూసుకునేవాడు. అదీ పనిలో భాగమే అనుకునేవాడు తను. ఇనుము వయసు ఇట్టే చెప్పేవాడికి ఇంట్లో చెయ్యి తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది.

“నీకు తెలుసా?” అన్నాడు.

“తెలియకేం?” అన్నాడు అన్న. “ఆడమనిషి ఇంజను విప్పుతుందంటే ఆ రోజుల్లో బండి ఎవడిచ్చేవాడు? ఇప్పుడు నాన్న పరువు తవ్వకు.”

మాస్టారు వెనక వరండాలో కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్ళాడు. “అమ్మా, నీ పేరు రాసెయ్యనా?”

“మీ నాన్నా అంతేరా. ఏడాదికోసారి ‘చెప్పెయ్యనా’ అని అడిగేవాడు,” అందామె. “అడిగినవాళ్ళు చెప్పరు. చెప్పేవాళ్ళు అడగరు.”

  మాస్టారు లోపలికెళ్ళి కుడిచేత్తో తండ్రి పేరు రాసి సంతకం పెట్టాడు.

పావుగంటైంది. తన ఎడమచెయ్యి తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. బడిలో అద్దాలపెట్టె ప్రారంభించిననాడు ఆ అమ్మ చెయ్యిని జేబులో దాచుకుని చప్పట్లు కొట్టకుండా తప్పించుకున్నాడు.

ఆపైన ఏ పానా పట్టినా చెయ్యి మారలేదు. వాడినవాళ్ళ సంగతి చెప్పలేకపోవడంతో వయసులడిగేవాళ్ళు కూడా రావడం మానేశారు. కానీ ఒకనాడు ఆ చెయ్యే వెళ్ళి కుళాయి బిగించింది. పక్కింటి పంపు విప్పింది. నెల తిరక్కుండా గుమ్మం ముందు పాడైన ఇంజన్లు వరసకట్టాయి.

చూడ్డానికొచ్చిన అన్న వీపు చరిచాడు. “అచ్చం నాన్న చెయ్యే! రక్తం ఎక్కడికి పోతుంది!”

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. మాస్టారు తలొంచుకుని నట్టు బిగిస్తున్నాడు. అమ్మ స్తంభానికి ఆనుకుని ఆ చెయ్యినే చూస్తోంది.

“ఇంకో చుట్టు వద్దురా,” అంది. “మరలు తెగిపోతాయి.”