గొంతు పోయాక పాడిన పాటలు

మగవాళ్ళు రోడ్డు మీద వండే వంటకు ఉల్లిగడ్డలు మాత్రం ఆడవాళ్ళు ఇంట్లో కోసివ్వాలి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆ రోజు సిరిసిల్లలో వంటా వార్పు. మా ఆయన సంజీవ్ కాలేజీ లెక్చరర్. ఇంట్లో చాయ గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషి, ఫొటో కోసం గరిటె పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కన కూర్చుని బియ్యం కడుగుతున్నాను. కడిగేవాళ్ళు ఫొటోలో రారు.

షిల్లాంగ్ రాక్ గాయని రీబా అంటే నాకు ప్రాణం. హైదరాబాదులో చదివే తమ్ముడు ఆమె పాటలు నా ఫోన్‌లో వేసిచ్చాడు. అందరూ ఆమె మొదటి ఆల్బమ్‌నే మెచ్చుకుంటారు. అందులోని కేకలకు మా ఆయన కూడా తల ఊపుతాడు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక చేసిన రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను వంట చేస్తూ దాన్నే వింటాను, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి అత్తమ్మ పిలుపుకు. ఐదో పాట వట్టి సాగదీత, ఒప్పుకుంటాను. కానీ మూడో పాటలో ఆమె పైస్థాయికి పోబోయి, అందక, సిగ్గుపడకుండా అక్కడే ఆగుతుంది. గిటారు ఆమె కోసం కాచుకుంటుంది. నా కోసం ఎవరైనా అలా ఒక్కసారి ఆగారా అని ఏడుపొస్తుంది. మొన్న అన్నం వడ్డిస్తూ ఆయనతో అన్నాను: "గొంతు పోయినంక పాడింది గదా, అరవస్తలేదు. గందుకే దాంట్ల కోపం ఎక్కువున్నది."

"పప్పుల ఉప్పు తక్కువైంది, ముందుగాల గది చూడు" అన్నాడు.

రోడ్డు మీద ఆయన స్నేహితుడు రాజనర్సు, "నినాదాలిచ్చి ఇచ్చి గొంతులు పోయినయే" అన్నాడు.

సంజీవ్ గరిటె ఆపాడు. "రీబా రెండో ఆల్బమ్ విన్నవా? గొంతు పోయినంక పాడింది. గందుకే దాంట్ల కోపం ఎక్కువ."

"అబ్బ! ఏం మాటన్నవే అన్నా! రేపు సభల గిదే చెప్పు." రాజనర్సు నా వైపు తిరిగాడు. "వదినా, నువ్వు గూడ గా పాటలు వింటవా?"

"దానికేం తెల్సురా? సీరియళ్ళు తప్ప" అని ఆయనే జవాబిచ్చాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గంజులన్నీ తోమి ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం కదా, ఎన్నడూ లేంది మెత్తగా పిలిచాడు.

"మంజులా, గా ఆల్బమ్‌ల ఆఖరి పాట ఎట్లుంటది? రేపు సభల రెండు ముక్కలు చెప్పాలె."

ఆ పాట లేకపోతే ఈ ఇంట్లో ఇన్నేళ్ళు బతికేదాన్ని కాదు. దాని గురించి నా దగ్గరున్నన్ని మాటలు ఎవరి దగ్గరా లేవు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఆఖరి పాట నేనింకా వినలే" అన్నాను.