చెక్క తిన్న బాతులు

జమ్మలమడుగు దిక్కున పశువుకు ప్రేమగా పెట్టేదేదంటే శనక్కాయ చెక్కే. నూనె తీశాక మిగిలిన ఆ చెక్కను నానబెట్టి కుడితిలో కలిపితే బర్రె మూతి ఎత్తదు. ఈనిన బర్రెకు చెక్క, దున్నే ఎద్దుకు చెక్క, పండక్కి పెంచే పొట్టేలుకూ చెక్కే. కాబట్టి పరుపులు కుట్టే కమాల్ బాషా తన బాతులకు కూడా చెక్క పెట్టాడంటే వింతేమీ లేదు. తప్పల్లా భార్య మాట చెవిన పెట్టకపోవడమే.

హసీనా కువైట్‌లో ఇంటిపనికి పోయి పదకొండు నెలలైంది. పిల్లలు లేని ఇల్లు. పోయేముందు నాలుగు బాతుల్ని, ఒక పెద్దబాతును చూపించి మరీ చెప్పింది.

"నూకలు నానబెట్టి ఎయ్యి. పక్కన నీళ్లుండాల, లేకుంటే గొంతులో పట్టుకుంటాది. పెద్దదానికి గరిక కోసకచ్చి ఎయ్యి. ఇంకేందీ పెట్టద్దు, నీకు దండం పెడతా."

కమాల్ బాషా తలూపాడు. తలూపడానికేం, మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య!

ఆమె పోయాక ఇల్లు బావురుమంది. నోరు విప్పాలంటే బాతులే దిక్కు. దిగులు పుట్టినప్పుడల్లా వాటికేదైనా మంచిది పెట్టాలనిపించేది. ఉత్త నూకలతో సాకడానికి మనసొప్పలేదు. దూది కోసం ప్రొద్దుటూరు పోయినప్పుడు మిల్లులో ఒక మూట చెక్క కొనుక్కొచ్చి వసారాలో పెట్టాడు. వానకు మూట తడిసి చెక్క బూజు పట్టింది. బర్రెలవాళ్లేం చేస్తారు? బూజు దులిపి, ఎండలో ఆరబెట్టి, పెట్టేస్తారు. ఈయనా అదే చేశాడు.

సోమవారం ఒక బాతు కాళ్లు చచ్చుబడి కూర్చుంది. గురువారానికి నాలుగూ మెడలు వాల్చేశాయి. పెరట్లో తన చేతులతోనే గుంత తీసి పూడ్చాడు. మర్నాడు హసీనా ఫోన్ చేస్తే, తొండూరులో పనిమీద ఉన్నానని అబద్ధమాడి పెట్టేశాడు. ఆ వెంటనే పెద్దబాతును గంపలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ కౌముది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమేం పెట్టాడో అడిగి తెలుసుకుంది.

"బూజు పట్టిన చెక్కలో విషం పుడుతుందప్పా. బాతులు అస్సలు తట్టుకోలేవు. ఇది ఎక్కువగా గరిక మేసింది కాబట్టి బతికింది."

"బర్రెలు తింటాండాయి గదమ్మా?"

"బర్రెలకూ మంచిది కాదు. అయినా బాతు బర్రె కాదు గదప్పా! నానిన నూకలు, కాస్త తవుడు, గరిక, ఆకుకూర, అరగడానికి గుప్పెడు ఇసుక, పక్కన నీళ్లు. అంతే."

హసీనా చెప్పిందీ దాదాపు ఇదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కమాల్ బాషా ఇప్పుడు పాలకూర సన్నగా తరిగాడు, నూకలు రెండుసార్లు కడిగి నానబెట్టాడు. పెద్దబాతు ముట్టలేదు. తోటి బాతులు పడుకునే మూల దగ్గర నిలబడి అరిచేది, కాసేపు చెవి ఒగ్గేది, మళ్లీ అరిచేది. మూడు రోజులకు ఎముకలు తేలాయి. ఇది కూడా పోతే హసీనాకు ఏ ముఖం చూపించాలి? డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"ఒంటిదైపోయిందప్పా. పది ముక్కులతో కలిసి తినే జీవం అది. పక్కన కూర్చుని నువ్వూ తిను, చూద్దాం."

కూర్చుని తినడమా! పదకొండు నెలలుగా ఆయన టీకొట్టు దగ్గర నిలబడి నాలుగు బోండాలు మింగడమే తిండి. ఆ పూట పొయ్యి వెలిగించి, అన్నంలో కారప్పొడి కలుపుకుని, దాని పక్కన నేలమీద కూర్చున్నాడు. బాతు ఆయన కంచం చూసింది, ఆయన ముఖం చూసింది, మెడ తిప్పుకుంది.

"నా మీద కోపమా తల్లీ? ఉంటాది లే," అని కమాల్ బాషా భోరున ఏడ్చాడు.

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం హసీనా నుంచి వీడియో ఫోన్ వచ్చింది.

"ఏమయ్యా, ఏవీ నా పిల్లలు?"

ఇక దాచలేకపోయాడు. చెక్క సంగతి, బూజు సంగతి, గుంత సంగతి, తొండూరు అబద్ధం, అన్నీ కక్కేశాడు. ఆమె తిడితే బాగుండునని ఎదురుచూశాడు.

"నువ్వేం తింటాండావు?" అంది హసీనా.

పదకొండు నెలల్లో ఎవరూ అడగని మాట అది. ఈలోగా ఆ గొంతు విని పెద్దబాతు రెక్కలు విప్పుకుని, కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఫోన్ ఆడ గోడకు ఆనించు. నీ కంచం తెచ్చుకో. నేనూ తెచ్చుకుంటా. ఈడ అందురూ తిన్నాక వంటింట్లో ఒక్కదాన్నే తింటా. ముద్ద దిగదు నాకు శానా దినాలుగా."

ఫోన్‌లో ఆమె, నేలమీద ఈయన, మధ్యలో బాతు.

"తిను తల్లీ, తిను, తిను," అంది హసీనా. బాతు మూతి నూకల్లో ముంచింది. నీళ్లు తాగింది. మళ్లీ ముంచింది. కమాల్ బాషా నవ్వాడు, అవతల ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

అంతలో అక్కడెవరో కేకేశారు. "పిలుస్తాండారు," అని హసీనా లేచింది. ఫోన్ ఆరిపోయింది.

బాతు తలెత్తి నల్లగా ఉన్న ఫోన్‌ను చూసింది. తినడం ఆపింది.

కమాల్ బాషా గొంతు సవరించుకున్నాడు. పెళ్లాం యాస పట్టుకోబోయి, పట్టుబడక, బొంగురుగానే అన్నాడు.

"తిను తల్లీ, తిను, తిను."

బాతు ఆయన వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత తల వంచి మెల్లగా తినసాగింది. ముద్ద దిగనిది ఆయనకే.