ఎవరూ తిరగని రోడ్డు

మిట్టమధ్యాహ్నం మా పోలీస్ కంట్రోల్ రూమ్‌లోకి ఒకామె కాళ్ళకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. భర్త లారీ డ్రైవరట. ఊరు దగ్గరికొచ్చేశానని ఫోన్‌లో చెబుతూనే, "గుండె పట్టేసినట్టుంది, బండి పక్కకి ఆపుతున్నా" అన్నాడట. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు.

"హైవే వాళ్ళకి ఫోన్ చేస్తే మిమ్మల్ని అడగమన్నారు. మీ స్టేషన్‌కెళ్తే హైవే వాళ్ళని అడగమన్నారు. నేనేమన్నా బంతినా మేడమ్?" అంది ఏడుస్తూనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పని పంచుకోవడం తప్పు కాదు. వీధుల్లో గొడవలు మావి, పెద్దరోడ్డు మీద ప్రమాదాలు హైవే పెట్రోలింగ్‌వి, రాష్ట్రాలు దాటిన ముఠాలు పైవాళ్ళవి. అందరూ అన్నిట్లో వేలు పెడితే ఏదీ తెమలదు. అలాగని ప్రాణం మీదికొచ్చినవాణ్ణి కూడా వాటాలేసుకుంటామా?

ఆమెను పక్క కుర్చీలో కూర్చోబెట్టి వైర్‌లెస్ అందుకున్నాను.

"మా వైపు లారీ ఏదీ ఆగి లేదు మేడమ్," అన్నాడు హైవే ఎస్సై. మా పెట్రోలింగ్ జీపు డ్రైవరూ అదే పాట పాడాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పే రకం కాదు.

"మనకీ హైవే వాళ్ళకీ మధ్యనున్న హద్దు రాయి దాకా వెళ్ళావా?" మావాణ్ణి నిలదీశాను.

"ఫ్లైఓవర్ దాకా మేడమ్. బండి తిప్పుకోడానికి సందు అక్కడే కదా ఉంది."

"మరి మీరు?"

"టోల్‌గేట్ దగ్గర తిప్పేస్తాం మేడమ్. ఎప్పుడూ అంతే," అన్నాడు ఎస్సై.

హద్దు రాయి ఆ రెండింటికీ నడుమ ఉంది. కాగితం మీద ఆ రోడ్డు ఇద్దరికీ చెరిసగం. జీపులు మాత్రం ఎవరికి వీలైన చోట వాళ్ళు వెనక్కి తిరిగేస్తున్నాయి. మావాడూ అందులో ఉన్నందుకు సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చునే తీరిక లేదు.

"లారీ ఆ నడుమే ఉంది. ఇద్దరూ బయల్దేరండి. రాయి దగ్గర ఆగొద్దు, జీపులు రెండూ ఎదురుపడేదాకా రండి. అంబులెన్స్ వెనకే వస్తుంది. ఎవరైనా సంజాయిషీ అడిగితే నేను చెప్పుకుంటా."

"మరి కేసు ఎవరిది మేడమ్?" అన్నాడు ఎస్సై.

"మనిషి దొరికాక కొట్టుకు చద్దురుగాని. ముందు కదలండి!"

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో అంబులెన్స్‌కి ఫోన్ కలిపాను.

కాసేపటికి వైర్‌లెస్ గరగరలాడింది. హైవే ఎస్సై.

"దొరికాడు మేడమ్! స్టీరింగ్ మీద వాలిపోయి ఉన్నాడు. తెలివొచ్చింది. అంబులెన్స్ ఎక్కించాం. ఏదో అంటున్నాడు."

"ఏమంటున్నాడు?"

"ఇంట్లో చెప్పొద్దంటున్నాడు మేడమ్. ఆవిడ అసలే కంగారు మనిషట."

ఆమె నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"నేనిక్కడే ఉన్నానయ్యా! కంగారుపడకపోతే నిన్నెవరు వెతికించేవారు?" అని అరిచి, బల్ల మీద తల వాల్చి భోరుమంది.