గాజు పిన్ని పేరు

పెళ్లయి ఇరవై మూడు రోజులు. క్యారమ్స్‌లో మా ఆయన కావాలనే ఓడిపోతున్నాడని పదో రోజే కనిపెట్టాను. రెడ్ కాయిన్ గుంత అంచున ఊగుతున్నా పక్కకి కొడతాడు. పైకి మూతి ముడుస్తాను, లోపల ఒకటే చక్కిలిగింతలు.

అలాంటి నాకు మా గోదాములో బోర్డు చూస్తే ఒళ్లు మండిపోతోంది.

మేం పదకొండు మందిమి అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుతాం. ఎవరెన్ని పెట్టెలు కట్టారో రాయడానికి సూపర్‌వైజర్ ఈ నెలే బోర్డు తగిలించాడు. నెలాఖరుకి మొదటివాళ్లకి వారం సెలవు, చివరివాళ్లకి శాశ్వతంగా సెలవు. జీవితమే ఒక పందెమట. నవ్వుతూ చెప్పాడు.

మొదట నేను, చివర గాజు పిన్ని. గాజు సామానంతా ఆమె బల్లకే పంపడం ఇక్కడ ఇరవై ఏళ్ల అలవాటు. ఆమె చేతిలో ఒక్క గ్లాసూ పగల్లేదు. ఆమె ఒక పెట్టె కట్టేలోపు నేను నాలుగు తువ్వాళ్ల పెట్టెలు కట్టేస్తాను. బోర్డుకి మాత్రం అన్నీ పెట్టెలే.

ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను, పాపం. అతను కాయిన్లు పేరుస్తూ అన్నాడు: "ఆటంటే ముందు ఆడతావా అని అడగాలి కదా. పిన్నిని ఎవరడిగారు?"

వారం సెలవులో సముద్రం చూద్దామనుకున్నాం. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు గాజు సామాను నా బల్లకి, తువ్వాళ్లు పిన్ని బల్లకి మార్చేశాను. కొత్త పెళ్లికూతురివి, నీకెందుకమ్మా ఈ తలనొప్పి అని పిన్ని ఒకటే గొణుగుడు. మొగుడు గుర్తొచ్చి చేతులాడట్లేదా అని సూపర్‌వైజర్ వెటకారం. సాయంత్రానికి తొమ్మిది పెట్టెలు కట్టాను. జాగ్రత్తగానే కట్టాను, ఒట్టు. ఊపి చూస్తే నాలుగు గలగలమన్నాయి.

ఆ నాలుగూ సూపర్‌వైజర్ టేబుల్ మీద బోర్లించాను.

"పగిలినవి కూడా రాయండి సార్. పిన్ని పేరు పక్కన ఇరవై ఏళ్లకీ కలిపి సున్నా రాయండి. అప్పుడు చెప్పండి, ఎవరు చివరో."

గోదామంతా టేపు లాగడం ఆపేసింది. అతను గాజుముక్కలు చూశాడు. రేపటి లోడు కాగితం చూశాడు. అంతా గాజే. లేచి, డస్టర్‌తో పిన్ని పేరు తుడిచేశాడు. పిన్ని ఉద్యోగం పోయిందనుకున్నాను.

"నీ బల్లకి నువ్వెళ్లమ్మా," అన్నాడు పిన్నితో. "ఇకనుంచి నీకు లెక్క లేదు."

పిన్ని కళ్లు తుడుచుకుంది. అందరూ టేపు అందుకున్నారు. డస్టర్ ఇంకా అతని చేతిలోనే ఉంది.

"సార్," అన్నాను, "ఇంకా పది పేర్లు మిగిలాయి."