రెండో సీటు గస్‌ది

శనివారం పొద్దున్న నేను బంగాళాదుంపలు తురుముతుంటే మా ఆయన వెండెల్ స్నానాలగదిలోంచి కాటా పట్టుకొచ్చి వంటగది మధ్యలో పెట్టి, "మార్లిస్, ఒకసారి దీనిమీద ఎక్కు" అన్నాడు. బల్ల దగ్గర కాఫీ తాగుతున్న అతని స్నేహితుడు లైల్ కప్పు కింద పెట్టి మరీ నావైపు తిరిగాడు. ఎందుకని అడిగాను. "విమానం కొంటున్నాం కదా, బరువులు చూసుకోవద్దూ? ఆ తురుముపీట కింద పెట్టు, తేడా వచ్చేస్తుంది" అన్నాడు. పెట్టాను. ఎక్కాను. వంగి చూసి, పశువుల సంతలో వేలంపాటవాడిలా "నూట ముప్ఫై ఎనిమిది పౌన్లు!" అని పైకి చదివాడు. "ఫర్వాలేదే" అన్నాడు లైల్. ఏది ఫర్వాలేదో నాకు తెలియలేదు కానీ ఒళ్ళు మాత్రం మండిపోయింది.

తర్వాత టెంటు ఎక్కింది. ఇనప మూకుడు ఎక్కింది. గాలాలు, ఐసు పెట్టె ఎక్కాయి. మా కుక్క గస్ మాత్రం కాటాని వాసన చూసి, దానిమీద ఒక కాలు పెట్టి, నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు వెళ్ళి పొయ్యి పక్కన పడుకుంది. "నువ్వు దాన్నెత్తుకుని మళ్ళీ ఎక్కు, నీది తీసేస్తే దానిది వస్తుంది" అన్నాడు వెండెల్. ఎనభై పౌన్ల కుక్కని మోస్తూ నేను నిలబడితే ఇద్దరు మగాళ్ళు కూడికలూ తీసివేతలూ చేశారు. గస్ నా చెవి నాకింది. ఆ పూట ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది అదొక్కటే. "మరి నువ్వెక్కవా?" అని అడిగాను. వెండెల్ జేబులోంచి కారు లైసెన్సు తీసి బల్లమీద కొట్టాడు. "నా బరువు ప్రభుత్వమే రాసిచ్చింది. నూట తొంభై అయిదు." ఆ అంకె మా పెళ్ళైన కొత్తలో రాయించుకున్నది. మా రాష్ట్రంలో లైసెన్సుమీద ఫోటో మారుతుంది, చిరునామా మారుతుంది, మగాడి బరువు మాత్రం చచ్చినా మారదు.

"చూశావా, సరిగ్గా సరిపోయింది!" అని వెండెల్ లైల్ వీపుమీద చరిచాడు. "నేను, గస్, టెంటు, మూకుడు, గాలాలు, ఐసు పెట్టె."

"మరి నేను?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "విమానానికి ఉండేదే రెండు సీట్లాయె. రెండో సీటు గస్‌ది" అన్నాడు వెండెల్, ఎంతో ఓపిగ్గా. "నీకు ట్రక్కు ఉందిగా. అందులో రేడియో కూడా ఉంది."

ఆ ట్రక్కూ ఆ రేడియో నాకు ఇరవై ఏళ్ళ నేస్తాలు. ఏటా జూలైలో మా ఊరి విమానాలవాళ్ళందరూ సోర్‌డో బార్ అనే చోట దిగుతారు. కొండల మధ్య, నది ఒడ్డున ఒక గడ్డి మైదానం. రన్‌వే అంటే అదే, ఒకసారి కిందుగా ఎగిరి జింకల్ని తోలేసి దిగడమే. లైల్ విమానంలో వెండెల్ ముప్పావుగంటలో వెళ్ళిపోతాడు. నేను మంచాలూ, పొయ్యీ, పదిమందికి మూడురోజుల తిండీ ట్రక్కులో వేసుకుని, లోయ అంచునే గతుకుల మట్టిరోడ్డుమీద పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి చేరతాను. రేడియో మొదటి మలుపు దాకానే పలుకుతుంది. చేరేసరికి మగవాళ్ళు రెక్కల నీడలో పడుకుని ఉంటారు. "వచ్చావా, మూకుడేదీ?" అంటారు. వెండెల్ కాస్త ప్రేమగల మనిషి కాబట్టి ఇంకో మాట కూడా అంటాడు. "పైనుంచి చూస్తే నీ ట్రక్కు వెనకాల దుమ్ము ఎంత ముచ్చటగా ఉంటుందో తెలుసా? తెల్ల రిబ్బనులాగా!" ఆ రిబ్బను నా కళ్ళలో, పళ్ళలో, రొట్టెల్లో ఉంటుంది. మా అత్తగారు ఓపల్ దగ్గర ఒకసారి వాపోతే, "ఎగిరేవాడికి నేలమీద ఒకళ్ళుండాలి అమ్మాయ్, మీ మామగారికి నేను లేనూ?" అంది. మా మామగారు జన్మలో ఎక్కింది గడ్డివామొక్కటే.

అసలు నన్ను విమానం దగ్గరికి పంపింది వెండెలే. రెండేళ్ళ కిందట ఎవరో పైలట్‌కి గాల్లోనే కళ్ళు తిరిగాయని లైల్ చెప్తే విని హడలిపోయాడు. మా ఊరి విమానాశ్రయంలో పెళ్ళాల కోసం ఒక చిన్న కోర్సు ఉంది. మొగుడు గాల్లో మూర్ఛపోతే విమానం ఎలా దించాలో నేర్పుతారు. "నాకేదైనా అయితే నువ్వు దించాలిగా" అని నా పేరు రాయించాడు. నేను స్కూలు బస్సు నడుపుతాను. పొద్దున్న పిల్లల్ని దింపాక మధ్యాహ్నం దాకా ఖాళీ. నేర్పే ఆవిడ జోడీన్. పొద్దుతిరుగుడు గింజలు నములుతూనే ఉంటుంది, పొట్టు కిటికీలోంచి ఊస్తూనే ఉంటుంది. మంచురోడ్డుమీద నలభైమంది పిల్లల కేకల మధ్య బస్సు నడిపే నాకు ఆ చిన్న విమానం గుడిలా అనిపించింది. ఇంజను మోత ఉన్నా అంత ప్రశాంతం. మూడోరోజు దిగాక జోడీన్ పొట్టు ఊసి, "మార్లిస్, నువ్వు విమానం నడపడానికి నీ మొగుడు మూర్ఛపోయేదాకా ఆగడం దేనికే?" అంది.

ఆగలేదు. దాచనూ లేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత వెండెల్ ఊరంతా నేను దాచానని చెప్పుకున్నాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ నేనొక్కదాన్నే ఎగిరాను" అన్నాను. "ఆ ఉప్పు ఇలా ఇవ్వు" అన్నాడు. మా పైలట్లలో ఒక ఆచారం ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ళ చొక్కా వెనక ముక్క కత్తిరించి, దానిమీద పేరూ తేదీ రాసిస్తారు. వెండెల్‌ది పాతికేళ్ళుగా మా ముందుగదిలో అద్దం కట్టించి ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఆ సాయంత్రం నేను వీపు భాగం లేని చొక్కాతో పొయ్యి దగ్గర నిలబడి ఉంటే, ఆ మనిషే వెనకనుంచి చూసి, "కంచె తీగకి పట్టుకుందా? కుట్టేసుకో" అన్నాడు. లైసెన్సు వచ్చినరోజు చెప్తే, "బస్సుదా? మళ్ళీ ఫీజు కట్టాలా?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మూడోసారి చెప్పడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. నా గుడ్డముక్కని వంటగది కిటికీ దగ్గర మేకుకి తగిలించుకున్నాను. గిన్నెలు తోముతూ దాన్ని చూసుకునేదాన్ని. లైల్‌తో మాత్రం వెండెల్, "మా ఆవిడ ఇంకా ఆ కోర్సులోనే ఉందిరా పాపం, కాస్త నెమ్మది" అనేవాడు.

ఇక ఆ శనివారానికి వస్తే, బరువులు చూశాక మగవాళ్ళిద్దరూ ట్రక్కు బాగుచేయడానికి బయటికి వెళ్ళారు. కాసేపటికి వెండెల్ లోపలికొచ్చి, కిటికీ దగ్గర చెయ్యి చాచి, ఆ గుడ్డముక్క లాక్కుని వెళ్ళాడు. నేను చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి ఇంజనులో నూనె ఎంతుందో చూసే పుల్లని దాంతో తుడుస్తున్నాడు. తుడిచి, ఉండచుట్టి, ట్రక్కు వెనకాల పడేశాడు. నేను కేకలేస్తాననుకున్నాను. వెయ్యలేదు. వెళ్ళి ఆ ఉండని తీసి, మడిచి, నా చేతిసంచిలో పెట్టుకున్నాను. లోపలికెళ్ళి ఏడ్చాను. తర్వాత బంగాళాదుంపలు వేయించాను, అవి ఆగవు కదా.

ఆదివారం విమానం చూడటానికి వెళ్ళాం. అమ్మేది హార్లన్ అని పక్క లోయలో పశువులు పెంచే ముసలాయన. డబ్బు నాది. మా నాన్న గడ్డిపొలం అమ్మగా నా వాటాకి వచ్చింది. ఆ డబ్బుతో కొత్తది కొనలేం, పాతదైనా తేలికపాటి రెండుసీట్లదే దొరుకుతుంది. వెండెల్ మనసు పారేసుకున్నది ఎర్రగా మెరిసిపోయే ఒకదాని మీద. తోలు సీట్లు, ముందంతా రంగుల తెరలు, కప్పులు పెట్టుకునే గూళ్ళు. చుట్టూ తిరిగి, "ఇది విమానం కాదు మార్లిస్, నగ!" అన్నాడు. నేను రోజూ పొద్దున్న బస్సు చుట్టూ తిరిగే మనిషిని. వంగి చూస్తే చక్రాలు నా వంటగది బండి చక్రాలంత ఉన్నాయి. ఇది సోర్‌డో బార్‌లో గోతులమీద దిగితే నగ కాస్తా తాకట్టుకే పోతుందనుకున్నాను.

"ఎంత మోస్తుంది?" అని అడిగాడు వెండెల్, జవాబు తనకి తెలుసన్నట్టు. "నీ బరువుని బట్టి" అన్నాడు హార్లన్. వెండెల్ లైసెన్సు తీశాడు. హార్లన్ దానివైపు చూడనైనా లేదు. కొట్టం మూలన దూడల్ని తూచే పెద్ద కాటా ఉంది. "అందులోకి నడువు నాయనా" అన్నాడు. "దేనికండీ, ఇక్కడ రాసే ఉంది..." "ప్రభుత్వానికేం, చెప్పింది రాస్తుంది. నా దూడలు మాత్రం ఈ కాటా మీద ఇంతవరకూ అబద్ధమాడలేదు." వెండెల్ ఎక్కాడు. కడుపు లోపలికి పీల్చుకున్నాడు. అలా చేస్తే బరువు తగ్గుతుందని ఎవరు చెప్పారో తెలీదు. ముల్లు ఊగి ఊగి రెండువందల అరవై రెండు దగ్గర ఆగింది. "బూట్లు ఉన్నాయిగా" అన్నాడు వెండెల్. హార్లన్ బూట్లవైపు చాలాసేపు చూశాడు.

"సరే విను" అన్నాడు చివరికి. "కంపెనీవాళ్ళు పుస్తకంలో చూపించే విమానం బరువు ఈ తోలూ ఈ తెరలూ తగిలించకముందుది. నువ్వూ పెట్రోలూ అయితే ఇది ఎగురుతుంది. కుక్క రాదు. టెంటు రాదు. పళ్ళు తోముకునే బ్రష్షు తెచ్చుకో, అభ్యంతరం లేదు."

నాకు నవ్వాగలేదు. నవ్వు దాచుకుందామని అటు తిరిగితే గడ్డిమోపుల వెనక, రెక్కలు మడిచి, దుప్పటి కప్పి ఇంకొకటి కనిపించింది. దుప్పటి ఎత్తి చూశాను. గొట్టాల చట్రానికి గుడ్డ బిగించిన పాతకాలపుది. తోక కింద చిన్న చక్రం, ముందు బొద్దు టైర్లు, లోపల ఉత్త కేన్వాసు సీట్లు. నేను నేర్చుకున్న జోడీన్ విమానానికి అక్కలా ఉంది. తోక పట్టుకుని ఊపాను. రెక్కల గుడ్డని వేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఇంజను కింద చెయ్యి పెట్టి నూనె కారుతోందేమో చూశాను. "అది మా ఆవిడది" అన్నాడు హార్లన్, వెనకనుంచి. "తప్పిపోయిన పశువుల్ని అందులో వెతికేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నాకందులో మోకాళ్ళు పట్టవు. నువ్వు నడుపుతావా అమ్మా?"

"నడుపుతానండీ."

వెండెల్ పెద్దగా నవ్వాడు. "ఇంకా కోర్సులో ఉంది లెండి, నాకు మూర్ఛొస్తే దించడానికి!"

చేతిసంచిలోంచి నా పైలట్ లైసెన్సు కార్డు తీసి హార్లన్ చేతిలో పెట్టాను. గుడ్డముక్క తీసి వెండెల్ చేతిలో పెట్టాను. అతను దాన్ని మడత విప్పాడు. నల్లటి నూనె మరక కింద జోడీన్ పెద్ద పెద్ద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. నా పేరు, తేదీ, 'మార్లిస్ ఒక్కతే' అని. అదేమిటో మా ఊళ్ళో వెండెల్ కంటే బాగా ఎవరికీ తెలియదు. చదివాడు. మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు ఉప్పు అడిగావు."

హార్లన్ టోపీ తీసి, పొడుగ్గా ఒకసారి దగ్గి, దూడలవైపు వెళ్ళిపోయాడు. వెండెల్ ఆ గుడ్డని నూనె అంటని చోట పట్టుకుని నిలబడ్డాడు. అతన్నలా చూస్తే నాకు జాలేసింది. వేసింది కానీ, ఆ జాలి పట్టుకుని మళ్ళీ ట్రక్కు ఎక్కే ఓపిక నాకు లేదు. హార్లన్ తిరిగొచ్చాక, వాళ్ళావిడ విమానమే కొంటానన్నాను. కాగితాలు ఎవరి పేరుమీద రాయాలని అడిగాడు. ఇంట్లో కరెంటు దగ్గర్నుంచి కుక్క టీకాల దాకా అన్నీ వెండెల్ పేరుమీదే ఉన్నాయి. "నా పేరుమీద" అన్నాను.

ఇంటికొచ్చాక మళ్ళీ కాటా తీశాను. నేను, గస్, టెంటు, మూకుడు, గాలాలు, ఐసు పెట్టె, అన్నీ పట్టాయి. ఇంకా కొంచెం మిగిలింది. మిగిలినదాంట్లో వెండెల్‌ది ఒక కాలు పట్టొచ్చు.

రెండువారాలు ముభావంగా తిరిగాడు. ఆ గుడ్డని సబ్బుతో రుద్దాడు, పెట్రోలుతో రుద్దాడు. మరక పోలేదు. ఒకరోజు నేను బస్సు దిగి వచ్చేసరికి మరకతోనే అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు. తనదాని పక్కనే, కాస్త కిందగా. ఆ రాత్రి నేను దాన్ని కాస్త పైకి జరిపాను. జోడీన్ వెనక సీట్లో కూచుని గింజల పొట్టు ఊస్తూ, జూలై వచ్చేదాకా నాతో ఆ కొండల సందుల్లో ఎక్కించీ దింపించీ ప్రాణం తీసింది.

జూలైలో వెండెల్ ట్రక్కు తోలాడు. లైల్ ఆ ఏడు తన అల్లుణ్ణి ఎక్కించుకున్నాడు. వాడు సన్నగా ఉంటాడు. కొడుకు ఒక్కడే పోతున్నాడని మా అత్తగారు పక్కన ఎక్కి కూచుంది, దారంతా వాళ్ళాయన గడ్డివాము కథలు చెప్పడానికి. తెల్లారేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఎండ ఎక్కుతుండగా నేను గస్‌ని వెనక సీట్లో కట్టి బయల్దేరాను. మొదటి కొండ దాటగానే కింద లోయ అంచున సన్నగా, తెల్లగా, మెల్లగా పాకుతూ దుమ్ము కనిపించింది. దాని ముందు ట్రక్కు చీమంత కూడా లేదు, మనిషైతే అసలు లేదు. ఇరవై ఏళ్ళు నేను వీళ్ళకి ఇలా కనిపించానన్నమాట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గస్ వెనకనుంచి నా మెడ నాకింది. ముచ్చటగానే ఉంది, అబద్ధం చెప్పను.

సోర్‌డో బార్‌లో జింకల్ని తోలి దిగాను. రెక్క నీడలో దుప్పటి పరుచుకుని, బూట్లు విప్పి, గస్ పొట్టమీద తల పెట్టుకుని ఒక కునుకు తీశాను. అలా ఒక మధ్యాహ్నం నిద్రపోవడం పెళ్ళయ్యాక అదే మొదలు. సాయంత్రానికి ట్రక్కు చప్పుడైంది. ముందు మా అత్తగారు దిగింది, "నడుం విరిగిందే అమ్మాయ్! ఇదేం రోడ్డే!" అంటూ. వెనక వెండెల్ దిగాడు. కనుబొమలు తెల్లగా, పెదాలు ఎండిపోయి, పళ్ళమధ్య మట్టి నములుతూ. వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. మూకుడేదని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు, ఆ మూకుడు నా పక్కనే ఉంది మరి. నేను లేవకుండానే, ఎంతో ప్రేమగా, అన్నాను:

"ఏమోయ్, పైనుంచి చూస్తే నీ ట్రక్కు వెనకాల దుమ్ము ఎంత ముచ్చటగా ఉందో తెలుసా?"