పైడితల్లి వెన్నులో నేను

నేను ఒక టైటానియం స్క్రూను. చిటికెన వేలంత ఉంటాను. దుమ్ము కణం కూడా చొరబడని కర్మాగారంలో నన్ను చెక్కారు. నన్ను ముట్టుకున్న ప్రతి చేతికీ తొడుగు ఉండేది. మనుషులు ఇంత శుభ్రమైనవాళ్లా అని మురిసిపోయాను. ఆ భ్రమ ఎక్కువ కాలం నిలవలేదు.

విజయనగరం దగ్గర జూట్ మిల్లులో పనిచేసే పైడితల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. కొన్నేళ్లకు అదే జబ్బు వెన్నెముకకు పాకింది. కాళ్లు చచ్చుబడుతూ మంచాన పడింది. డాక్టర్ మృణాళిని ఆమె భర్త సింహాద్రిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ ఆపరేషన్‌తో రోగం పోదు. వెన్నుపాము మీద ఒత్తిడి తీసేసి, ఎముకకు ఊతం ఇస్తాం. మళ్లీ నడవగలదు. తర్వాత రేడియేషన్ ఇవ్వాలి. ఇది అంటువ్యాధి కాదు, ఇంట్లో అందరితో కలిసే ఉండనివ్వండి."

"రోగం పోదన్న మాట దానికి సెప్పకండమ్మా," అన్నాడతను.

"నేనై చెప్పను. ఆమె అడిగితే మాత్రం దాచను."

పుచ్చిన ఎముకకు పైనా కిందా ఉన్న గట్టి ఎముకల్లో నన్నూ నా తోటివాళ్లనూ బిగించి, కడ్డీలతో కలిపారు. మధ్యలో ఆ కణితి, పాడైన కొబ్బరిలా మెత్తగా, నల్లగా. అయితే అంతకన్నా రోత పుట్టించేది ఆమె ఇంట్లో ఉంది.

పైడితల్లి మెల్లగా నడక అందుకుంది. ఇంటికి రాగానే ఆడపడుచు గౌరమ్మ పెరటి వసారాలో మంచం వేయించింది. కంచం వేరు. గ్లాసుకు గోళ్ల రంగుతో గుర్తు. అన్నం పైనుంచి జారవిడిచి, చెయ్యి వెనక్కి లాక్కునేది. మనవరాలు దగ్గరికొస్తే జబ్బ పట్టుకుని ఈడ్చుకెళ్లేది. సింహాద్రి ముందుగదిలో టీవీ చూస్తూ వేడి వేడి చేపల పులుసు తినేవాడు. ఆ వాసన వచ్చినప్పుడల్లా పైడితల్లి వీపు కండరాలు నా చుట్టూ బిగుసుకునేవి. తన జబ్బు పిల్లకు అంటుతుందేమోనని తనే ముడుచుకుని పడుకునేది.

రేడియేషన్ అయ్యాక పరీక్షకు వెళ్లినప్పుడు అడిగింది. "డాట్రమ్మా, ఇది అంటుకుంటాదా?"

"అంటుకోదు. ఆపరేషన్‌కి ముందే మీ ఆయనకు చెప్పానే."

పైడితల్లి మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"అక్కతో గొడవెందుకనీ..." అని నేల వైపు చూశాడు.

ఆమె డాక్టర్ వైపు తిరిగింది. "తగ్గుతాదా?"

"తగ్గదు పైడితల్లీ. కొన్నాళ్లు నడుస్తావు. నొప్పి లేకుండా చూసుకుంటాను."

ఆసుపత్రి గేటు దాటాక సింహాద్రి ఆటో పిలిచాడు.

"నువ్వెల్లు. నాను బంగారమ్మ కాడికి ఎల్తాను," అంది.

"నలుగురూ ఏటనుకుంటారే?"

"ఆ నలుగురి కోసమేగా నన్ను వసారాలో ఒగ్గేసినావు."

బంగారమ్మ మిల్లులో ఆమె పక్క మగ్గం మీద పనిచేసిన మనిషి. గుమ్మంలో పైడితల్లిని చూసి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తన కంచంలోనే చారన్నం కలిపి, ఒక ముద్ద తను తిని, ఒక ముద్ద ఆమె నోట పెట్టింది. పైడితల్లి నడిచిన మిగతా రోజులన్నీ ఆ ఇంట్లోనే. సాయంత్రాలు ఇద్దరూ మిల్లు గేటు దాకా వెళ్లి, పని దిగి వచ్చేవాళ్లతో కబుర్లు చెప్పేవారు. వర్షాలు మొదలయ్యాక కాళ్లు మళ్లీ చచ్చుబడ్డాయి. బంగారమ్మ ఒడిలోనే పోయింది.

అప్పుడొచ్చాడు సింహాద్రి, బాజాలతో, బండెడు పూలతో. గౌరమ్మ శవం మీద పడి గుండెలు బాదుకుంది. జనం ఆమెది ఎంత ప్రేమో అన్నారు. నాకు నోరుంటే ఆ పూల మీద ఉమ్మేవాణ్ణి.

మంటల్లో నేను కరగలేదు. కాటికాపరి బూడిదలోంచి ఏరి, గోడ పక్కన కుప్పలో పడేశాడు. ఎవరెవరి తుంటిలోంచో, మోకాలిలోంచో వచ్చిన ముక్కలున్నాయి అక్కడ. మసిబారి, ఒకదాన్నొకటి ఆనుకుని పడి ఉన్నాం. ఎవరూ పక్కకు జరగడం లేదు.